ఎండగట్టిన మాట

పొద్దు బారెడెక్కి మంచు ఆరేదాకా నాగేంద్రమ్మ కొడవలి ముట్టదు. తడి మీద కోసిన గడ్డి ఎండేలోపే బూజు పట్టి నల్లబడుతుంది. ఆ లోపల ఎనుముకు కుడితి పెట్టి, అరుగు మీద కూర్చుని, పాత సైకిలు ట్యూబులను కత్తెరతో ఉంగరాల్లాగా కత్తిరించుకుంటుంది. గడ్డికట్టకు దారం పనికిరాదు. ఎండేకొద్దీ కాడలు సన్నబడి, దారం వదులై కట్టంతా జారిపోతుంది. ట్యూబు ముక్కయితే కాడతో పాటు తానూ బిగుసుకుంటుంది.

సింహాద్రిపురం దగ్గర ఆమెకున్నది ఒక్క ఎకరా, ఒక్క బోరు. అందులో సగం కుందేలుతోక, ఒక చెక్క జుంకీగడ్డి, ఇంకో చెక్క నక్కతోక. మూడూ గడ్డే, మూడు పేర్లూ ఆమె పెట్టినవే. ప్రొద్దుటూరులో బొకేల అంగడి నడుపుకునే ఖమర్‌బీ మొగుడు హబీబుల్లా కువైటులో ఒక హోటల్ తోటకు నీళ్లు పడతాడు. ఒకసారి సెలవుకొస్తూ ఆ విత్తనాలు జేబురుమాలులో మూట కట్టుకొచ్చాడు. మన ఎండకు రోజాపువ్వు మధ్యాహ్నానికే తల వాలుస్తుంది, ఎండిన గడ్డి ఏళ్లయినా అట్లాగే నిలబడుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల అద్దాల వెనకా, పార్టీ మీటింగుల్లోనూ దీనికే గిరాకీ.

మొదటి ఏడాది కలుపుకు వచ్చిన ఆడోళ్లు పడీపడీ నవ్వారు.

"గడ్డికి కలుపు తీసేదేందక్కా! గడ్డిలో గడ్డి ఏదని పీకాల?"

"నేను చూపిచ్చింది పీకండి. నవ్వు తర్వాత నవ్వుదురు గానీ," అంది నాగేంద్రమ్మ. ఆ ఏడాది వానల్లేక నవ్వినోళ్ల శెనక్కాయ మాడిపోయింది. ఆమె గడ్డి నిలిచింది. ఎవరు నవ్వాలో అప్పుడు నవ్వారు.

ఆ కువైటు గడ్డికి ఒక గుణముంది. గింజ ఇంకా ముదరక పాలమీదున్న వారం రోజులు, చేన్లో ఎవరేం మాట్లాడినా పట్టుకుంటుంది. కోసి, తలకిందులుగా వేలాడదీసి ఎండగడితే గడ్డితో పాటు మాటా ఎండి నిలిచిపోతుంది. తర్వాత కట్ట పట్టుకుని విదిలిస్తే ఎవరి గొంతు వాళ్లదిగా ఉన్నదున్నట్టు చెబుతుంది. రెండోసారి విదిలిస్తే మళ్లీ చెబుతుంది. మూడోసారి చెప్పి రాలిపోతుంది, ఇంక ఆ గడ్డి మూగది. అందుకని అమ్మే ముందు ప్రతి కట్టనూ కళ్లంలో మూడుసార్లు విదిలించి మాట రాల్చాలి. "ఓ సుబ్బక్కా, నీళ్లొచ్చినాయే!" లాంటివే ఎక్కువ. ఇదేదో వింతని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. చింతచెట్టుకు పులుపుంటుంది, ఈ గడ్డికి మాట ఉంటుంది, అంతే.

ఇంత తెలివైన గడ్డిని పండించే మనిషి తన ఇంటి మాట మాత్రం రెండేళ్లు వినలేదు. ఆ కథే ఇది.

నాగేంద్రమ్మ మొగుడు రామన్న ఆమెకు స్వయాన మేనమామ. రెండేళ్ల కిందట మాఘమాసంలో సింహాద్రిపురం పోయే దావలో ఓబులయ్య అనే మనిషిని పట్టపగలు నరికేశారు. ఓబులయ్య ఒక పార్టీ, పక్క ఊరి మద్దిలేటప్ప ఇంకో పార్టీ. మూడో రోజు పొద్దున రామన్న బోరు కాడి నక్కతోక తానే కోసి, కట్ట కట్టి పెండ్లాం చేతికిచ్చాడు.

"దీన్ని పైన కట్టు నాగీ," అన్నాడు. ఆ వెంటనే, "ఓబులయ్యను నరికింది నేనే. స్టేషనుకు పోతాండా," అన్నాడు.

ఈ సీమలో ఒక పాడు అలవాటుంది. నరికేది ఒకడు, లొంగిపోయేది ఇంకొకడు. పెద్దింటి కొడుకు చేసిన పనికి, వాళ్ల నీడన బతికే పేదోడొకడు "నేనే" అని పోయి జైల్లో కూర్చుంటాడు. కేసు మోయడం అంటారు దాన్ని, మూట మోసినట్టు. నాగేంద్రమ్మకు అది తెలీదా? తెలుసు కాబట్టే రామన్న చొక్కా పట్టుకుని అడిగింది.

"నిజం చెప్పు మామా. ఎవురి కేసు మోస్తాండావు?"

"మాయమ్మ మీద ఒట్టు. నేనే."

తల్లి మీద ఒట్టేసి అబద్ధమాడే మనిషి కాదు తన మామ. ఆమె చొక్కా వదిలేసింది. జీపు పోయింది. ఆ కట్టను అటక కింద కొక్కేనికి విసురుగా తగిలించి, మళ్లీ దానివైపు చూడలేదు. ఓబులయ్య పెండ్లాం చిన్నసుబ్బమ్మ నెత్తి కొట్టుకుంటూ ఏడ్చిన ఏడుపు ఊరంతా విన్నది కదా. అట్లాంటి పని చేసిన చేతిని ఎట్లా ముట్టుకోవాలి? కడప జైలుకు ఒక్కసారి కూడా పోలేదు. రామన్న జాబులు రాయించాడు. చదివించుకోకుండానే పొయ్యిలో పెట్టింది. మొండిది. ఒంటరిగా చేను దున్నించింది, విత్తింది, కోసింది, అమ్మింది.

రెండేళ్లు గడిచాయి. ఎలక్షన్లొచ్చి గవర్నమెంటు మారింది. దాంతో పాటు మద్దిలేటప్ప మనసు కూడా మారింది. పాత కండువా తీసి కొత్త కండువా కప్పుకోవడానికి జమ్మలమడుగులో పెద్ద సభ పెట్టించాడు. హైదరాబాదు నుంచి పెద్దలొస్తారు, బొకేలు నూరు కావాలి, ఎండకు వాడకూడదు. ఆయన మనుషులు పోయి ఖమర్‌బీకి చెప్పారు. ఖమర్‌బీ నాగేంద్రమ్మకు కబురు పెట్టింది: వేదిక మీద పెద్దోళ్లకిచ్చే పదకొండు బొకేలకు నక్కతోక తక్కువ పడింది, ఇంట్లో పాతదేమైనా ఉంటే తెమ్మని.

పాతదంటే ఆ కట్టే. నాగేంద్రమ్మ నిచ్చెన వేసుకుని దించింది. దుమ్ము దులుపుదామని కళ్లంలో నిలబడి ఒకసారి విదిలించింది.

"కొర్ర బాగుండాదే రామన్నా! పిట్టలు తినకుండా చూసుకో," అంది కట్ట.

మద్దిలేటప్ప గొంతు. నక్కతోక కంకి కొర్ర కంకి మాదిరే ఉంటుంది, నిజమే. కానీ పుట్టి బుద్ధెరిగి చేతికి మట్టంటనోడు తప్ప రైతన్నవాడెవడూ దాన్ని కొర్ర అనడు. ఆమె చెయ్యి ఆగిపోయింది. గడ్డి ఆగలేదు.

"సేన్లోకి రాప్పా. ఈడ ఎవురూ వినరు." ఇది రామన్న గొంతు.

"మా చిన్నోడు తొందరపడినాడు. ఓబులయ్యను నరికేసినాడు. వానికి పెండ్లి కుదిరిండాది. నువ్వు నెత్తినేసుకో. మూణ్ణెల్లలో బెయిలు తెప్పిస్తా. ఒప్పుకుంటే నీ పెండ్లాం ఈ సేను చేసుకుంటాది. లేకుంటే సేనూ ఉండదు, సేన్లో ఆ మనిషీ ఉండదు."

చాలాసేపు గాలి చప్పుడు. తర్వాత రామన్న గొంతు, సన్నగా.

"దాని జోలికి రావద్దప్పా. పోతా. నాగేంద్రకు మాత్రం నేను చెప్పను. చెప్తే అది ఒప్పుకోదు, కొడవలెత్తుకుని నీ ఇంటికే వస్తాది. ఒట్టేయమంటాది. చచ్చిపోయిన మాయమ్మ మీద ఏస్తా. చచ్చినోళ్లకు ఒట్టు తగల్దు."

నాగేంద్రమ్మ ఆ కళ్లంలోనే కూలబడింది. "ఓరి మామా, ఓరి పిచ్చి మామా," అని గుండెలు బాదుకుని ఏడ్చింది. మూణ్ణెల్లన్న బెయిలు రెండేళ్లయినా రాలేదు. చదవకుండా కాల్చిన జాబులన్నీ గుర్తొచ్చి మరీ ఏడ్చింది. ఏడుపు అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత వచ్చింది కోపం. అది రెండేళ్ల కోపం, ఇన్నాళ్లూ తప్పు చేయని మనిషి మీద పెట్టుకున్నది.

మరునాడే ప్రొద్దుటూరులో, కోర్టు రామన్నకు పెట్టిన ప్లీడరు జియావుల్లా దగ్గరికి పోయింది. ఆయన ముందు రెండోసారి విదిలించింది. ఆయన చివరిదాకా విని, అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను నమ్ముతాండానమ్మా. కోర్టు నమ్మదు. సాక్షి అంటే బోనెక్కి ప్రమాణం చెయ్యాల. గడ్డి చేత ఏ దేవుని మీద ప్రమాణం చేయిస్తావు? ఎదుటి ప్లీడరు ప్రశ్నలేస్తే జవాబు చెప్తాదా?"

"మరి ఎవురు చెప్తే చెల్లుతాది సార్?"

"కండ్లారా చూసింది ఓబులయ్య పెండ్లాం ఒక్కటే. వచ్చే సోమవారం ఆమె సాక్ష్యం ఉండాది. రామన్ననే చూసినానని పోలీసులకు చెప్పిండాది. కోర్టులోనూ అదే చెప్తే నీ మొగునికి యావజ్జీవం. ఇంగ నా చేతిలో ఏమీ లేదు."

నాగేంద్రమ్మ కట్టను కదలకుండా గుండెకు అదుముకుని అట్నుంచి అటే పులివెందుల బస్సెక్కింది. చిన్నసుబ్బమ్మ అక్కడ అన్న ఇంట్లో ఉంటోంది. వచ్చిందెవరో చూసి తలుపు సగమే తీసింది.

"ఏంటికొచ్చినావు?"

"ఒకసారి ఈ కట్ట విను సుబ్బమ్మా. నీ మొగుణ్ణి సంపిందెవరో..."

"విదిలించొద్దు!" చిన్నసుబ్బమ్మ రెండు చెవులూ మూసుకుంది. "నాకు తెలీదనుకుంటాండావా? కండ్ల ముందర చూసిన దాన్ని. ఇద్దరు ఆడబిడ్డలుండారక్కా నాకు. ఆయప్ప చెప్పిన పేరే చెప్పినా. మొన్న మళ్లీ మనిషిని పంపినాడు. సభకు రావాలంట, వేదిక మీద కుర్చీ వేస్తారంట, చీర పెడతారంట. రాజీ అయిపోయిందని లోకమంతా చూడాలంట. పోతా. కూర్చుంటా. నాకు నోరుండాది గానీ మాట లేదు. నన్ను వదిలెయ్."

తలుపు మూసుకుంది. నాగేంద్రమ్మ ఆ తలుపు కొట్టలేదు. భయపడినోళ్లను తిట్టే హక్కు తనకు లేదనుకుంది. కానీ దావ పొడుగునా ఒక మాట ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంది. వేదిక మీద కుర్చీ. వేదిక మీద పదకొండు బొకేలు. కట్టలో ఇంకొక్క విదిలింపు.

సభ నాటి పొద్దున కట్టను తీసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఆ దావ సంగతి తెలిసిందే, మధ్యలో గుంతలు కాదు, గుంతల మధ్యలో దావ. ఒక్క కుదుపుకు కట్ట అదిరిందంటే మాటంతా బస్సులోనే రాలిపోతుంది. ఆమె కూర్చోకుండా, రెండు చేతులతో కట్టను గాలిలో పట్టుకుని నిలబడింది. ముందు సీటు ముసలాయన అది చూసి కేకేశాడు.

"రేయ్ డ్రైవరప్పా, రొంత నిదానంగా పోరా! ఆయమ్మ చేతిలో మాటుండాది!"

డ్రైవరు గేరు మార్చాడు. ప్రొద్దుటూరు దాకా బస్సు ఎద్దులబండి నడకే నడిచింది. ఎవరూ విసుక్కోలేదు. కండక్టరు కూడా ఆమె టికెట్టు చేతికివ్వకుండా కొంగు ముడిలో దోపి పోయాడు.

అంగట్లో ఖమర్‌బీకి విషయమంతా చెప్పింది. ఖమర్‌బీ లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"అక్కా, నా అంగడి తగలబెడతారు."

"పెట్టినా పెడతారు. నీకు భయమైతే వద్దని చెప్పు, ఏమీ అనుకోను."

"రోజూ సలాం కొడతానే ఉండాం వాళ్లకి. అంగడి తెరిస్తే సలాం, మూస్తే సలాం." ఖమర్‌బీ చేతులు కడుక్కుని తుడుచుకుంది. "తే అక్కా. తగలబెడితే ఏం పోతాది, గడ్డే కదా. మళ్లీ మొలుస్తాది."

ఊపిరి బిగబట్టుకుని ఆ కట్టను పదకొండు భాగాలు చేసింది. కాడ కదలకుండా రిబ్బన్లు చుట్టింది. మధ్యాహ్నం మద్దిలేటప్ప మనుషులొచ్చి జీపులో పెట్టుకుంటుంటే, "మెల్లగా భయ్యా, పెద్దోళ్లకిచ్చేవి, కంకి రాలిపోతాది," అని ఖమర్‌బీ తానే ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగు దాకా పోయింది. వాళ్లెవరూ 'మాట రాల్చినారా' అని అడగలేదు. టౌనుకొచ్చే సరుకంతా రాల్చిందే అనుకుంటారు కదా.

జమ్మలమడుగు మైదానం నిండా షామియానాలు, ఎండ, జనం. నాగేంద్రమ్మ ఆడోళ్ల వరసలో ముందుకు తోసుకుని నిలబడింది. వేదిక మీద మద్దిలేటప్పతో కలిపి పదిమంది పెద్దలు, చివరి కుర్చీలో తల వంచుకుని చిన్నసుబ్బమ్మ. మద్దిలేటప్ప మైకు పట్టుకున్నాడు.

"నేను ఫ్యాక్షన్ వదిలేసినా! నా కుటుంబంలో ఎవురి చేతికీ రక్తం మరక లేదు. ఓబులయ్య నాకు తమ్మునట్లాంటోడు. ఎవుడో దుర్మార్గుడు వాణ్ణి పొట్టన పెట్టుకున్నాడు. ఈ చెల్లెలి కన్నీళ్లు తుడిచే బాధ్యత నాది!"

చప్పట్లు. పదకొండుమందికీ బొకేలిచ్చారు. చిన్నసుబ్బమ్మకు మద్దిలేటప్పే ఇచ్చాడు. పేపరోళ్లు కెమెరాలు పట్టుకుని ముందుకొచ్చారు.

"అందరూ పైకెత్తండి సార్! ఒకసారి ఊపండి!"

అందరూ ఎత్తి ఊపారు.

"కొర్ర బాగుండాదే రామన్నా! పిట్టలు తినకుండా చూసుకో," అన్నాయి పదకొండు బొకేలూ ఒక్క గొంతుతో. ముందు మైకుంది. మైదానమంతా వినబడింది.

జనం మొదట ఘొల్లున నవ్వారు. గడ్డి మాట్లాడిందని ఎవరూ నోరెళ్లబెట్టలేదు. నక్కతోకను కొర్ర అన్న పెద్దమనిషిని చూసి నవ్వారు. తర్వాత మాట వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "మా చిన్నోడు తొందరపడినాడు. ఓబులయ్యను నరికేసినాడు..." మద్దిలేటప్ప తన చేతిలోది కింద పడేసి తొక్కాడు. మిగతా పది చెబుతూనే ఉన్నాయి. సేనూ ఉండదు, సేన్లో ఆ మనిషీ ఉండదు. చచ్చినోళ్లకు ఒట్టు తగల్దు. అంతా చెప్పి రాల్చేసి, గడ్డి మూగబోయింది.

"అది నా గొంతు కాదు! ఎవుడో నా గొంతు పెట్టి ఆడిస్తాండాడు!" అని అరిచాడు మద్దిలేటప్ప.

"కొర్ర అన్నప్పుడే తెలిసిందిలేప్పా!" జనంలోంచి ఎవరో కేకేశారు.

చిన్నసుబ్బమ్మ చేతిలోని బొకే వైపే చూస్తోంది. చిన్నగా లేచింది. మైకు దగ్గరికి నడిచింది. అడ్డం రాబోయిన వాణ్ణి బొకేతోనే పక్కకు నెట్టింది.

"ఈ గడ్డిపోచకుండే రోసం నాకు లేకపాయెనే," అంది. "అవును. నేను చూసినా. నా మొగుణ్ణి నరికింది రామన్న కాదు. ఈయప్ప చిన్న కొడుకు. భయపడి చెప్పలేదు. సోమవారం కోర్టులో చెప్తా. ఇంతమంది ముందర చెప్తాండా, ఇంగ నాకూ నా బిడ్డలకూ ఏమైనా అయితే ఎవురు చేసినారో మీకందరికీ తెలుసు!"

హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన, తెచ్చిన కొత్త కండువాను మడిచి సంచిలో పెట్టుకుని కారెక్కాడు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఎవరి మొహమూ చూడలేక టోపీలు సర్దుకున్నారు. కింద ఆడోళ్ల వరసలో నాగేంద్రమ్మ ఏడవలేదు. "ఎండగడితినా లేదా!" అని గట్టిగా ఒక్క కేక వేసింది.

సోమవారం చిన్నసుబ్బమ్మ బోనెక్కి చెప్పింది. ఎదుటి ప్లీడరు మూడు గంటలు ప్రశ్నలేసినా మాట మార్చలేదు. ఖమర్‌బీ అంగడి అద్దం ఒకటి పగిలింది. ఆమె కొత్తది వేయించి, లోపల ఇంకా పెద్ద గడ్డికట్ట పెట్టింది. మద్దిలేటప్ప చిన్న కొడుకు జైలుకు పోయాడు. ఆయనకు మాత్రం కొర్ర మద్దిలేటి అన్న పేరు నిలిచిపోయింది. కార్తీకం విత్తనాల వేళకు రామన్న ఇంటికొచ్చాడు. బక్కచిక్కాడు, గడ్డం నెరిసింది. నాగేంద్రమ్మ ఏమీ అడగలేదు. సంగటి పెట్టింది, చేను చూపించింది. అడగాల్సిన దాన్ని గొంతులోనే పెట్టుకుంది.

మాఘంలో గడ్డి పాలమీదికొచ్చింది. ఒక పొద్దున మంచు ఆరకముందే జీపొకటి గట్టు పక్కన ఆగింది. మద్దిలేటప్ప మనుషులు నలుగురు దిగి చేన్లోకి వచ్చారు. ముందున్నవాడు వేలెత్తి నోరు తెరిచాడు. నాగేంద్రమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"రాండప్పా. చెప్పండి, ఏం చెప్పాలనొచ్చినారో గట్టిగా చెప్పండి. బాగా పాలమీదుండాది."

వాడు చుట్టూ చూశాడు. నడుమెత్తు నక్కతోక, కదలకుండా, నలుగురి చుట్టూ. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆవులించినట్టు చేసి, వేలు దించుకుని వెనక్కి తిరిగాడు. జీపు తలుపులు కూడా చప్పుడు కాకుండా వేసుకుని పోయారు.

బోరు కాడ రామన్న పగలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నాగేంద్రమ్మకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ దాచుకున్నది బయటికొచ్చింది.

"నవ్వు మామా, నవ్వు. పాలమీదుండే గడ్డని తెలిసే ఆ పొద్దు ఆయప్పను సేన్లోకి పిలిచినావా?"

రామన్న నవ్వు ఆపాడు. "తెలీకుండా ఉంటాదా? కొర్ర అనుకున్నది ఆయప్పే. నీకు చెప్పనని మాటిస్తిని. చెప్పలేదు. కోసి, కట్టి, నీ చేతిలోనే పెట్టి పోతిని. జైల్లో రోజూ అనుకుంటి, ఈ పొద్దు విదిలిస్తాది, రేపు విదిలిస్తాది అని. రాసిన ప్రతి జాబులోనూ ఆ కట్ట దించు అనే రాయిస్తి. రెండేండ్లు పట్టెనే నాగీ నీకు!"

పొయ్యిలో కాలిన జాబులు ఆమె కళ్ల ముందు తిరిగాయి. వంగి ఒక మట్టిపెళ్ల తీసి అతని మీద విసిరింది. తగలకుండానే విసిరింది.

"నోరుండే మొగుడివి. ఇంగమీద ఏమన్నా ఉంటే నాకు చెప్పు, గడ్డికి కాదు."

"చెప్తాలే."

"ఒట్టెయ్."

"ఎవురి మీద?"

"బతికుండే నా మీద," అంది నాగేంద్రమ్మ.

రామన్న తడి కాళ్లతోనే గడ్డిలోంచి నడిచి వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. చుట్టూ నక్కతోక ఆ మాటను కూడా పట్టుకుంది. ఆమె కళ్లు తుడుచుకుని పొద్దు వైపు చూసింది.

"మంచు ఆరింది. పో, కొడవలి తీసుకురాపో. ఈ బోరు కాడిది మాత్రం అమ్మేది లేదు."